పేదల పక్షాన నిలిచిన బారిస్టరు మణిలాల్ డాక్టర్

మణిలాల్ మగన్‌లాల్ డాక్టర్ గారు 1881 జూలై 28వ తేదీన బరోడాలో జన్మించారు. పేరు చివర డాక్టర్ అని ఉంది గనుక వైద్యుడని పొరబడకండి. ఆయన బారిస్టరు. మారిషస్‌లో, ఫిజీలో స్థిరపడ్డ భారతీయుల చరిత్రలో ఆయనది పెద్ద పేరు. మన దగ్గర మాత్రం గాంధీగారి జీవిత చరిత్రలో ఒక మూల కనిపించి వెళ్లిపోతారు. పుట్టిన దేశంలో కన్నా పోయిన దేశాల్లో ఎక్కువ తెలిసిన మనిషి.

ప్రతి ఏడూ మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి జీవితమో, ఫూలే గారి జీవితమో, సావిత్రీబాయి గారి జీవితమో వేసుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక గుజరాతీ బారిస్టరును ఎందుకు ఎంచుకున్నామో ముందుగానే చెప్పాలి. మన హాస్టల్లో ఏ రూములోకి వెళ్లినా కువైట్‌లోనో, సౌదీలోనో, ఖతార్‌లోనో అమ్మ గానీ నాన్న గానీ చిన్నాన్న గానీ ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలతారు. గూడూరు, నాయుడుపేట, వెంకటగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. అమ్మ ఖద్దామా పనికి వెళ్లింది గనుక, ఇంట్లో వండిపెట్టే దిక్కు లేక హాస్టల్లో చేరినవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. సెలవుల్లో అందరూ ఊళ్లకు పోతుంటే వాళ్లు మాత్రం అవ్వ దగ్గరికో పెద్దమ్మ దగ్గరికో పోయేవాళ్లు.

అక్కడ మనవాళ్లను ఇబ్బంది పెట్టేది ఎండ, పని మాత్రమే కాదు. కాగితం. వీసా మీద ఒక పని రాసి ఉంటుంది, చేయించేది ఇంకొకటి. పాస్‌పోర్టు సేఠు బీరువాలో ఉంటుంది. జీతం ఇవ్వక బయటికి వచ్చేస్తే కల్లివెల్లి అయిపోతారు. అంటే చట్టం లెక్కలో లేని మనిషి. అప్పుడు పోలీసు పట్టుకున్నా భయమే, జ్వరం వచ్చినా భయమే. మా ఊరి అక్క ఒకామె అట్లా రెండేళ్లు దాక్కుని బతికి, క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అవుట్‌పాస్ మీద ఇల్లు చేరింది. ఆమెకు రావలసిన 7 నెలల జీతం గురించి ఎవరిని అడగాలో ఇక్కడ మాకెవరికీ తెలియలేదు. తెలిసిన వకీలు లేడు. ఉన్నా ఫీజు ఎక్కడ తెచ్చేది?

మణిలాల్ గారి కథ చదువుతుంటే మాకు ఆ అక్కే గుర్తుకొచ్చింది. నూరేళ్ల కిందట ఓడలెక్కి పోయిన కూలీలకు కూడా సరిగ్గా ఇదే కొరత. కష్టం చెప్పుకోవడానికి కోర్టు ఉంది. కోర్టులో తమ తరఫున నిలబడే మనిషి లేడు.

ఆ కూలీలు ఎవరు, ఎక్కడివాళ్లు అన్నది కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మన కథ కూడా. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల దొరలకు పనివాళ్లు కావలసి వచ్చింది. ఇండియా నుంచి ఒప్పందం మీద కూలీలను తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషులో అగ్రిమెంట్ అనే మాట కూలీల నోట్లో గిర్మిట్ అయింది. మారిషస్‌కు దాదాపు నాలుగున్నర లక్షల మంది, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 వరకు లక్షా 52 వేల మంది, ఫిజీకి 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మంది ఇట్లా వెళ్లారు. మారిషస్‌కు కోరంగి, కాకినాడ తీరం నుంచి తెలుగువాళ్లు 1830ల నుంచే పోయారు. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలయ్యాయి. మద్రాసు నుంచి ఓడ ఎక్కినవాళ్లలో ఎక్కువమందిని పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. ఇప్పటి చిత్తూరు, తిరుపతి, చంద్రగిరి ప్రాంతాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల నుంచి కూడా బాగా వెళ్లారు. కరువు, అప్పు, కులం. పోవడానికి ఈ మూడింటిలో ఏదో ఒకటి చాలు. మన మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వెళ్లినవాళ్లకు మూడూ ఉండేవి.

ఓడ ఎక్కేముందు ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఆఖరున ఒంటి మీది గుర్తులు. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే. తేడా ఏమిటంటే మన సర్టిఫికెట్ మనం చదవగలం. ఆ పాసు ఎవరిదో వాళ్లకే అది చదవడం రాదు.

గిర్మిట్ అయిదేళ్లు. ఫిజీలో వారానికి అయిదు రోజులు 9 గంటల పని, శనివారం 5 గంటలు. మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు 9 పెన్నీలు. అప్పటి మన లెక్కలో 12 అణాలు, 9 అణాలు. ఊళ్లో విన్నప్పుడు ఇది పెద్ద కూలీయే. అక్కడికి పోయాక తెలిసేది, చెప్పినంత పని పూర్తయితేనే ఆ కూలి అని, సరుకుల ధరలు వేరు అని. ముగ్గురు ఒంటరి మగవాళ్లకు పది అడుగులకు ఏడు అడుగుల గది ఒకటి. హాస్టల్లో పెరిగిన మనకు ఆ కొలత ఎంతో చెప్పనవసరం లేదు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది చట్టం. మామూలుగా పనికి రాకపోతే కూలి పోతుంది, అంతే. గిర్మిట్‌లో పనికి రాకపోవడం నేరం. తోట యజమాని కేసు పెడితే మెజిస్ట్రేటు జరిమానా వేసేవాడు, జైలుకు పంపేవాడు. కూలీ కేసు పెట్టాలంటే తోట దాటి బయటికి పోవాలి, బయటికి పోవాలంటే యజమాని అనుమతి కావాలి. ఆ చక్రబంధం ఎట్లా ఉండేదో చూడండి.

మారిషస్‌లో గిర్మిట్ ముగిసినవాళ్లకు సైతం నెమ్మది లేదు. 1867 నాటి కార్మిక చట్టం ప్రకారం పాత కూలీలు ఫోటో అంటించిన టికెట్, పోలీసు పాసు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. లేకపోతే దిమ్మరి అని పట్టుకునేవారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్ తోట యజమాని ఈ అన్యాయం మీద 9 వేలకు పైగా పాత కూలీల సంతకాలతో, వేలిగుర్తులతో ఒక మహజరు పెట్టించాడు. తోటి దొరలు అతని మీద విరుచుకుపడ్డారు. విచారణకు కమిషన్ వచ్చింది, కొన్ని మార్పులు వచ్చాయి. అయినా కూలీలకు తమవాడైన వకీలు లేని లోటు అట్లాగే ఉండిపోయింది.

1901 చివర గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకు వస్తూ దారిలో మారిషస్‌లో కొద్దిరోజులు ఆగారు. అక్కడి భారతీయుల స్థితి ఆయన మనసులో పడింది. 1906లో లండన్ వెళ్లినప్పుడు అక్కడ బారిస్టరు చదువుతున్న మణిలాల్‌తో పరిచయమైంది. మణిలాల్ అప్పటికే బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి లండన్ చేరినవారు. ఇండియా హౌస్ నడిపిన శ్యామ్‌జీ కృష్ణవర్మ బృందంతో కూడా మెలిగేవారు. బొంబాయికి తిరిగివచ్చి హైకోర్టులో కూర్చుంటే బాగా సంపాదించుకోగల కుర్రవాడు. గాంధీగారు మారిషస్ వెళ్లమని అడిగారు. ఆయన వెళ్లారు. 1907 అక్టోబరులో పోర్ట్ లూయీ రేవులో దిగేనాటికి వయసు 26 ఏళ్లు. మాకన్నా మూడేళ్లు పెద్ద.

మొదటి తగాదా తలపాగా, చెప్పుల మీద వచ్చింది. తలపాగాతో, కాలికి బూట్లతో కోర్టులోకి వెళితే జడ్జి అభ్యంతరం చెప్పాడు. తలపాగా ఉంచుకుంటే బూట్లు విప్పాలట. చదివేవాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మన తాతలు కొన్ని వీధుల్లో చెప్పులు చేత పట్టుకుని నడిచిన సంగతి తెలిసిన మనకు కనిపించదు. మణిలాల్ గవర్నరుకు అర్జీ పెట్టి ఆ ఆచారాన్ని ప్రశ్నించారు, నెగ్గారు. కోర్టు గుమ్మం దగ్గర తల వంచని భారతీయుడు ఒకడున్నాడని తోటల్లో కబురు పాకింది. అంతకు 14 ఏళ్ల ముందు 1893లో డర్బన్ కోర్టులో గాంధీగారికి కూడా తలపాగా తీయమని చెబితే తీయకుండా బయటికి వచ్చేశారు.

ఆ తర్వాత కూలీలు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. ఇచ్చుకోగలిగినవాళ్ల దగ్గర తక్కువ ఫీజు తీసుకున్నారు, లేనివాళ్ల దగ్గర తీసుకోలేదు. ఇదేమంత గొప్ప అని అనిపిస్తే అప్పటి పరిస్థితి తలుచుకోండి. అక్కడి వకీళ్లు చాలామంది తోటల యజమానులకు బంధువులో స్నేహితులో. ఒక కూలీ తరఫున ఒక యజమాని మీద కేసు నడపడమంటే ఊళ్లోని పెద్దలందరితో వైరం తెచ్చుకోవడమే. రోజు పని మానితే రెండు రోజుల కూలి కోసే పద్ధతి అక్కడ ఉండేది. దాన్ని డబుల్ కట్ అనేవారు. మణిలాల్ వచ్చేనాటికి ఇటువంటి వాటి మీద అసంతృప్తి బాగా ఉంది. దాన్ని కోర్టు భాషలోకి, అర్జీల భాషలోకి మార్చగల మనిషి అప్పుడు దొరికాడు.

1909లో ఆయన హిందుస్తానీ అనే పత్రిక ప్రారంభించారు. మొదట ఇంగ్లీషు, గుజరాతీలలో, తర్వాత హిందీలో. గుజరాతీ వ్యాపారుల భాష. హిందీ కూలీల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాష. ఆ మార్పులోనే ఆయన ఎవరి వైపు జరిగారో తెలుస్తుంది. (తెలుగువాళ్ల కోసం తెలుగులో పత్రిక వేసే ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. ఆ బాధ ఇక్కడ రాసి లాభం లేదు.) అదే ఏడాది సర్ ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ మారిషస్ వచ్చింది. దాని ముందు భారతీయుల తరఫున మణిలాల్ వాంగ్మూలం ఇచ్చారు. 1910తో మారిషస్‌కు గిర్మిట్ కూలీల రాక ఆగిపోయింది. ఇది ఆయన ఒక్కడి వల్ల జరిగిందని చెప్పడం సరికాదు. తోటలకు ఇక కొత్త కూలీల అవసరం తగ్గింది కూడా. కానీ ఆ వివరాలన్నీ కమిషన్ కాగితాల్లోకి ఎక్కాయంటే, ఎక్కించినవారు ఉండబట్టే.

మారిషస్‌లో మూడేళ్లకు పైగా పనిచేశాక ఆయన దక్షిణాఫ్రికా వెళ్లి గాంధీగారి వద్ద కొంతకాలం ఉన్నారు. గాంధీగారి మిత్రుడు, రంగూన్‌లో స్థిరపడ్డ డాక్టర్ ప్రాణజీవన్ మెహతా గారి కుమార్తె జయకున్వర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఈమె గురించి విడిగా చెప్పుకోవాలి. 1913 మార్చిలో దక్షిణాఫ్రికాలో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. దాని ప్రకారం క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు అక్కడ చెల్లవు. అంటే హిందూ, ముస్లిం భార్యలెవరూ చట్టం దృష్టిలో భార్యలు కారు. ఇమిగ్రేషన్ అధికారి తలుచుకుంటే భర్త దగ్గరికి రానివ్వకుండా రేవులోనే తిప్పి పంపవచ్చు. దీని మీద, గిర్మిట్ ముగిసినవాళ్ల మీద వేసిన 3 పౌన్ల పన్ను మీద ఆ ఏడాది సత్యాగ్రహం జరిగింది. ఫీనిక్స్ ఆశ్రమం నుంచి కస్తూర్బా గారితో పాటు మొదటి జట్టులో బయలుదేరి, పర్మిట్ లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి, అరెస్టయి మూడు నెలల కఠిన శిక్ష అనుభవించిన నలుగురు స్త్రీలలో జయకున్వర్ ఒకరు. భర్త కాగితాల మీద కొట్లాడితే భార్య జైలుకు వెళ్లి కొట్లాడింది. మాకు ఈ ఇద్దరిలో ఎవరు పెద్ద అంటే చెప్పడం కష్టం.

ఈలోగా ఫిజీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ గిర్మిట్ చేసి బయటపడ్డ తోతారామ్ సనాఢ్య అనే ఆయన, మరికొందరు కలిసి గాంధీగారికి ఉత్తరం రాశారు. ఇక్కడున్న వకీళ్లందరూ తెల్లవాళ్లు, మా గోడు వినేవాళ్లు లేరు, ఒక భారతీయ బారిస్టరును పంపించండి అని దాని సారాంశం. గాంధీగారు ఆ సంగతిని తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ప్రకటించారు. మణిలాల్ ముందుకొచ్చారు. ఖర్చుల కోసం ఫిజీలోని కూలీలు, చిన్న రైతులు చందాలు వేసుకున్నారు. రోజుకు షిల్లింగు సంపాదించేవాళ్లు తమ వకీలును తాము చందాలతో తెచ్చుకున్నారు. ఈ జీవిత చరిత్రలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. 1912 ఆగస్టులో ఆయన ఫిజీలో దిగారు.

ఫిజీలో చెరకు వ్యాపారం అంతా దాదాపు కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ గుప్పిట్లో ఉండేది. మణిలాల్ అక్కడ చేసిన పనుల్లో పెద్ద పెద్ద ఉపన్యాసాలు తక్కువ. రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఒకరిది కూలి తగాదా. ఒకరికి కౌలు కాగితం. ఒకరు పనికి రాలేదని కోర్టు సమను. ఒకరి పెళ్లి రిజిస్టరు కాలేదు గనుక పెళ్లే కాదంటున్నారు. ఫిజీలోనూ మన పద్ధతిలో జరిగిన పెళ్లి రిజిస్టరు చేయించకపోతే చట్టం లెక్కలోకి వచ్చేది కాదు, దానివల్ల ఆస్తి తగాదాలు, కాపురాల తగాదాలు అంతులేకుండా వచ్చేవి. ఈ పనులన్నిటికీ ఆయన అర్జీలు రాశారు, కోర్టులో నిలబడ్డారు. తక్కువ ఫీజుకు చేశారు. జైలుకు పోవలసిన మనిషి ఆ అర్జీ వల్ల ఇంటికి పోతాడు. చరిత్ర పుస్తకాల్లో దీనికి చోటు తక్కువే.

ఇక్కడ ఒక మాట మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం. అప్పుడు చందాలు వేసుకుని తెచ్చుకున్న వకీలును ఇప్పుడు మనకు చట్టమే ఇస్తోంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టికి గురైనవాళ్లకు వకీలు ఉచితం. ఆదాయం ఎంత అని అడగరు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఫోనులో అయితే 15100. పాస్‌పోర్టు ఏజెంటు మోసం చేసినా అక్కడికి పోవచ్చు. విదేశంలో ఇరుక్కున్నవాళ్ల కోసం 2009 నుంచి మన రాయబార కార్యాలయాల్లో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒకటి ఉంది. దాంతో అక్కడ వకీలు ఖర్చు, తిరుగు టికెట్టు కూడా ఇస్తారు. మా ఊరి అక్క విషయంలో మాకు ఈ సంగతులేవీ తెలియవు. పీజీలో చేరాక తెలిశాయి.

మళ్లీ ఫిజీకి వద్దాం. 1912లో గోఖలే గారు కేంద్ర శాసన మండలిలో గిర్మిట్ రద్దు తీర్మానం పెడితే ప్రభుత్వం ఓడించింది. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ ఫిజీ వెళ్లి చూసి రాసిన నివేదిక దేశాన్ని కలవరపెట్టింది. ముఖ్యంగా కూలీ లైన్లలో ఆడవాళ్ల పరిస్థితి. 1916లో మాలవీయ గారి తీర్మానాన్ని ప్రభుత్వం ఒప్పుకుంది, 1917లో కూలీలను చేర్చుకోవడం ఆగిపోయింది. 1920 జనవరి 1వ తేదీన ఫిజీలో మిగిలి ఉన్న ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఆ మధ్యకాలంలో మణిలాల్ గారు అందరికీ నచ్చారని కాదు. 1916లో ఫిజీ శాసన మండలిలో మొదటిసారి ఒక భారతీయుడికి స్థానం ఇచ్చారు. చాలామంది భారతీయులు ఆయన్నే వేయాలని కోరుకున్నారు. ఆయనకూ ఆశ ఉండేది. గవర్నరు బద్రీ మహరాజ్ అనే వేరొకరిని నియమించాడు. అడిగే నోరు ఉన్నవాడిని పక్కన పెట్టి, అడగనివాడిని కుర్చీలో కూర్చోబెట్టడం దొరలకు బాగా తెలిసిన పని. అయితే బద్రీ మహరాజ్ కూడా 1923లో తలపన్ను వ్యవహారంలో రాజీనామా చేశాడని గుర్తుంచుకోవాలి.

గిర్మిట్ పోయిన పక్షం రోజులకే సమ్మె వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ధరలు బాగా పెరిగాయి. కూలి మాత్రం రోజుకు రెండు షిల్లింగుల దగ్గరే ఉంది. 1920 జనవరి 15న సువా పట్టణంలో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ కూలీలు వారానికి పని గంటలు 45 నుంచి 48 చేశారని పని ఆపేశారు. రోజుకు 5 షిల్లింగుల కూలి అడిగారు. సమ్మె రేవా ప్రాంతానికి పాకింది. ఇందులో ఆడవాళ్లు ముందుండడం దొరలు ఊహించలేదు. జయకున్వర్ వాళ్లను కూడగట్టి సభలు పెట్టారు, గవర్నరు దగ్గరికి వెళ్లి ఇల్లు గడవడం లేదని చెప్పారు. మణిలాల్ కోరికల పత్రాలు రాయడంలో సలహాదారు. గవర్నరు న్యూజిలాండ్ నుంచి 60 మంది సైనికులను రప్పించాడు. ఆస్ట్రేలియా నుంచి యుద్ధ నౌక వచ్చింది. ఫిబ్రవరి 13న సువా దగ్గర సమాబులా వద్ద పోలీసు కాల్పుల్లో ఒక కూలీ చనిపోయాడు. సమ్మె విరిగిపోయింది. చాలామంది జైలుకు వెళ్లారు.

తర్వాత జరిగింది ఒక్కసారి నెమ్మదిగా చదవాలి. మణిలాల్ దంపతుల మీద కోర్టులో కేసు పెట్టలేదు. సాక్షులను పిలవలేదు. 1875 నాటి ఒక పాత ఆర్డినెన్సు బయటికి తీసి, రెండేళ్ల పాటు ఫిజీలోని ముఖ్యమైన ద్వీపాల్లో వాళ్లు నివసించరాదని గవర్నరు ఉత్తర్వు ఇచ్చాడు. ఎనిమిదేళ్లు వేరేవాళ్ల తరఫున కోర్టులో వాదించిన మనిషికి తన తరఫున వాదించుకోవడానికి కోర్టే దొరకలేదు. పనీ పోయింది, ఇల్లూ పోయింది. ఫిజీలో వేలమంది ఆయన్ను ఉండనివ్వమని అర్జీలు పెట్టారు. అర్జీలు రాయడం నేర్పింది ఆయనే కదా. ఫలితం లేదు. 1920లోనే దంపతులు న్యూజిలాండ్‌కు ఓడెక్కారు.

న్యూజిలాండ్‌లో వకీలుగా నమోదు చేయమని అడిగారు. అక్కడి వకీళ్ల సంఘం అడ్డుపడింది, అనుమతి రాలేదు. ఆస్ట్రేలియాలో, సిలోన్‌లో కూడా తలుపులు మూసేశారు. ఫిజీ ప్రభుత్వం పెట్టిన ముద్ర ఆయన కన్నా ముందే ప్రతి రేవుకూ చేరేది. పర్మిట్ లేక తిప్పి పంపబడ్డవాళ్ల కేసులు వాదించిన బారిస్టరు ఇప్పుడు తానే రేవు నుంచి రేవుకు తిరిగాడు. ఆ సంవత్సరాల గురించి చదువుతుంటే ఆయన మొండితనం మీద గౌరవమూ కలుగుతుంది, ఇంటి ఆడమనిషిని తలుచుకుంటే జాలీ కలుగుతుంది.

ఇండియాకు వచ్చాక 1922 డిసెంబరులో గయ కాంగ్రెస్‌కు వెళ్లారు. ఆ రోజుల్లోనే కార్మికులు, రైతుల పార్టీ ఒకటి పెట్టాలనే ప్రయత్నాల్లో ఆయన చేయి ఉంది. మద్రాసులో 1923 మే 1వ తేదీన లేబర్ కిసాన్ పార్టీ పెట్టిన సింగారవేలు గారితో ఆయనకు ఉత్తరాలు నడిచాయి. అదే 1923లో బొంబాయి హైకోర్టులో అంబేద్కర్ గారు బారిస్టరుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. అక్కడ ఆయనకు అడ్డం వచ్చింది కులం. ఇద్దరి కష్టాలూ ఒకటి కావు. మణిలాల్‌కు దేశం దాటాకే తలుపులు మూతపడ్డాయి. బాబాసాహెబ్‌కు సొంత దేశంలోనే బడి గది లోపల కూర్చోనివ్వలేదు. ఆ తేడా మరచిపోయి ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం మాకు ఇష్టం లేదు.

తర్వాతి కాలంలో మణిలాల్ ఏడెన్‌లో ప్రాక్టీసు చేశారు. అరేబియా దక్షిణపు కొసన ఉన్న రేవు అది. అప్పటి ఓడలు చాలా అక్కడ బొగ్గు కోసం, నీళ్ల కోసం ఆగేవి. అక్కడి భారతీయులకు కూడా ఆయన పని చేసిపెట్టారు. చివరి ఏళ్లు బొంబాయిలో గడిపి 1956 జనవరి 8న మరణించారు. అప్పటికి మారిషస్, ఫిజీ రెండూ బ్రిటిష్ పాలనలోనే ఉన్నాయి. 1968 మార్చి 12న మారిషస్‌కు, 1970 అక్టోబరు 10న ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చింది. మారిషస్‌లో ఆయన విగ్రహం పెట్టుకున్నారు.

ఫిజీలో మద్రాసు నుంచి వెళ్లినవాళ్లందరినీ ఒకప్పుడు మదరాసీలనే పిలిచేవారు. వాళ్లు 1926లో తమ సంఘం ఒకటి పెట్టుకుని బడులు నడిపారు. 1941లో తెలుగువాళ్లు దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం అని తమది విడిగా పెట్టుకున్నారు. ఓడలో అందరూ ఒకే చోట వండుకుని ఒకే చోట తిన్నందువల్ల కులం పట్టు అక్కడ చాలావరకు సడలిందని చరిత్రకారులు రాశారు. పాసు మీద మాత్రం కులం గడి అట్లాగే ఉండిపోయింది. వాళ్ల మునిమనవళ్లు ఇప్పుడు ఆ పాసుల నకళ్లు వెతికి తీసుకుంటున్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది గుర్తులు. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు అని రాసినవి వాటిలో చాలా ఉన్నాయి.